తొట్టి బండా, బుల్లి కారా?

మా చిన్నతనంలో తెనాలిలో మా ఇంట్లో నెల రోజులపాటు ఒక తగాదా నడిచింది. నాన్నగారికి పాత బకాయి జీతం ఒక్కసారిగా చేతికొచ్చింది. ఆ డబ్బు పెట్టి కుట్టు మిషను కొనడమా, హార్మోనియం కొనడమా అన్నది తగాదా. హార్మోనియం కావాలన్నది మా అమ్మ. కుట్టు మిషనే మేలన్నదీ మా అమ్మే! నాన్నగారు వట్టి మధ్యవర్తి. ఆవిడ తనతో తనే వాదించుకుని, తనే తీర్పు చెప్పుకుని, చివరకు కుట్టు మిషను కొనిపించింది. అది మా ముగ్గురు పిల్లల చొక్కాలూ, లాగులూ కుట్టింది. ఇరుగుపొరుగు వాళ్ల రవికెలు కుట్టి నాలుగు డబ్బులు కూడా తెచ్చింది. ముప్పై ఏళ్లు నమ్మకంగా నడిచింది. దానికి వంక పెట్టడానికి లేదు. హార్మోనియం మాత్రం మా ఇంటి గడప తొక్కనేలేదు.

యాభై ఏళ్ల తరవాత, సముద్రాల అవతల, అదే తగాదా మా ఇంట్లో మళ్లీ లేచింది. ఈసారి కుట్టు మిషను స్థానంలో పికప్ ట్రక్కు, హార్మోనియం స్థానంలో ఇద్దరంటే ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు వచ్చి నిలబడ్డాయి. ఇందులో కాస్త నవ్వుకోవలసిందీ, కాస్త ఆలోచించవలసిందీ వుంది కనుక పాఠకులకు చెబుతున్నాను.

మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాసుకు ఉత్తరాన వున్న ఫ్రిస్కోలో. అక్కడ మనవాళ్లకు కొదవ లేదు. గోంగూర దొరుకుతుంది, పెసరట్టు దొరుకుతుంది, ఆదివారం నాడు గుడి దగ్గర కారు నిలపడానికి మాత్రం చోటు దొరకదు. నేను 1997లో కంప్యూటరు ఉద్యోగం మీద ఆ దేశం వెళ్లాను. ఇద్దరు పిల్లలు పెరిగి పెద్దవాళ్లయి, చదువులకని ఒకరు, ఉద్యోగమని ఒకరు ఇల్లు విడిచారు. ఇంట్లో మిగిలింది మా ఆవిడా, నేనూ, 2011 మోడలు వ్యానూ.

ఏడుగురు కూర్చునే ఆ వ్యానులో ఒక్కణ్ణే ఆఫీసుకు పోతూంటే, పెళ్లివారు దిగిపోయిన తరవాత ఖాళీ బస్సు నడుపుతున్నట్టుండేది. "దీన్ని అమ్మేసి మరో బండి కొందాం" అన్నాను ఒకనాడు. "కొందాం" అన్నది మా ఆవిడ. మా ఇంట్లో అంత త్వరగా ఏకాభిప్రాయం కుదరడం అదే మొదలు. ఏ బండి అన్నదగ్గర అదే ఆఖరయింది.

"పికప్ ట్రక్కు" అన్నది తను.

"స్పోర్ట్స్ కారు" అన్నాను నేను.

ఆవిడ నా తలవంక చూసింది. అందులో నల్లవెంట్రుక ఎక్కడైనా మిగిలి వుందా అని వెతుకుతున్నట్టు చూసింది.

తొట్టి బండి కథ

పికప్ ట్రక్కు అంటే ముందు కారు, వెనక లారీ. డ్రైవరు గది వెనక పైకప్పు లేని తొట్టి వుంటుంది. మన దగ్గర 2005లో వచ్చిన టాటా ఏస్ బండి, అదే అందరూ 'చోటా హాథీ' అని పిలిచే చిన్న ఏనుగు, ఈ వంశంలో బుల్లి తమ్ముడని చెప్పవచ్చు. అమెరికాలో అన్నగారు నిజంగా ఏనుగే.

ఆ దేశపు రైతులు మొదట్లో మామూలు కార్ల వెనక భాగం కోసేసి, చెక్క పెట్టెలు బిగించుకుని, కోళ్లూ ధాన్యమూ మోసుకునేవారు. అది చూసి ఫోర్డు కంపెనీ 1925లో తన మోడల్ టి కారుకు తనే తొట్టి బిగించి, 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అక్కడినుంచి ఆ వంశం వర్ధిల్లింది. ఫోర్డువారి ఎఫ్ వరుస ట్రక్కులు 1977 మొదలుకొని ఏటేటా ఆ దేశపు ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలుస్తూ వచ్చాయి.

దీని వెనక ఒక కోడి కథ కూడా వుంది. 1960ల ఆరంభంలో అమెరికా కోడిమాంసం చవకగా వచ్చి పడుతున్నదని పశ్చిమ జర్మనీ, ఫ్రాన్సు వంటి దేశాలు దానిమీద సుంకం పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ విదేశాలనుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద నూటికి 25 వంతున సుంకం వేశాడు. బ్రాందీ మీదా, బంగాళాదుంపల పిండి మీదా కూడా వేశాడు. వాటిమీద సుంకం తరవాత పోయింది గాని, ట్రక్కుల మీదిది దశాబ్దాల తరబడి నిలిచిపోయింది. స్వదేశపు ట్రక్కు కంపెనీలకు అదొక కోటగోడ అయింది. తగాదా కోడిది, లాభం ట్రక్కుది!

గోడ లోపల ట్రక్కు బాగా తిని పెరిగింది. ఈనాడు నాలుగు తలుపుల ఎఫ్ 150 పొడుగు 19 అడుగులు దాటుతుంది. బరువు రెండు టన్నుల పైమాట. పూర్వం ముగ్గురు కూర్చునే గదీ, వెనక ఎనిమిది అడుగుల తొట్టీ వుండేవి. ఇప్పుడు అయిదుగురు కాళ్లు బారజాపుకునే గది వచ్చింది. ఆ మేరకు చాలా బండ్లలో తొట్టి అయిదున్నర అడుగులకు కుదించుకుపోయింది. ఈ చివరి సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో తరవాత పని వుంది.

బుల్లి కారు కథ

ఇక నా పక్షం. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లండు వెళ్లిన అమెరికా సిపాయిలు అక్కడి సన్నటి దారుల్లో పరుగెత్తే ఎమ్‌జి అనే బుల్లి కార్లను చూసి మనసు పారేసుకున్నారు. యుద్ధం ముగిశాక, 1945 నుంచి 1949 దాకా తయారైన ఎమ్‌జి టిసి కార్లు సుమారు 10 వేలు. అన్నింటికీ స్టీరింగు కుడివైపే. అయినా ఎడమ స్టీరింగు దేశమైన అమెరికాలో వాటిని ముద్దుగా కొనుక్కున్నారు. ఆ తరవాత 1962లో ఎమ్‌జిబి, అదే ఏడు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ వచ్చాయి.

స్పిట్‌ఫైర్‌కు మనతో చిన్న చుట్టరికం వుంది. దాని అడుగు చట్రం ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారుది, కాస్త పొట్టి చేసింది. ఆ హెరాల్డునే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరిట తయారుచేశారు. మా తెనాలిలో ఒక డాక్టరుగారికి ఆ కారు వుండేది. దాని బానెట్ మన కార్లమాదిరి అద్దం వైపునుంచి లేవదు. మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు వాలుతుంది. అది తెరిచినప్పుడల్లా మేం పిల్లలం బడి మరిచిపోయి చూస్తూ నిలబడేవాళ్లం. నా జబ్బు అక్కడే అంటుకుని వుంటుంది.

1980లో ఎమ్‌జిబి ఆగిపోయింది. ఇక ఇలాంటి కార్ల కాలం చెల్లిందనుకున్నారు. అప్పుడు జపానుకు చెందిన మాజ్దా కంపెనీ, బాబ్ హాల్ అనే అమెరికా మోటారు పత్రికా రచయిత ఇచ్చిన సలహా పట్టుకుని, 1989లో చికాగో ప్రదర్శనలో మియాటా అనే రెండు సీట్ల కారును చూపించింది. 2016 నాటికి అటువంటివి పది లక్షలు తయారయ్యాయి. గుర్రమూ, రౌతూ ఒకటైపోవడం అని అర్థం వచ్చే 'జింబా ఇత్తాయి' అనే జపాను మాట దాని తయారీకి సూత్రం.

ఈ కారుకు పెద్ద బలమేమీ లేదు. ఎఫ్ 150కి సామాన్యంగా వచ్చే ఇంజను శక్తి 325 గుర్రాలు, ఇప్పటి మియాటాది 181. అయితే దీని బరువు టన్నుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ బరువు ముందు చక్రాల మీదా, వెనక చక్రాల మీదా దాదాపు సమంగా పడుతుంది. సీటు నేలకు జానెడు ఎత్తులో వున్నట్టుంటుంది. అందువల్ల గంటకు 40 మైళ్లలోనే వంద మైళ్ల సరదా వస్తుంది. జరిమానా కట్టనక్కరలేని సరదా అన్నమాట. ఇదంతా మా ఆవిడకు అరగంట సేపు వివరించాను.

అంతా విని, "సామాను ఎక్కడ పెడతారు?" అన్నది.

"వెనక డిక్కీ వుంది. 130 లీటర్లు."

"బియ్యం బస్తా పడుతుందా?"

"ఒకటి పడుతుంది."

"మూడో మనిషి వస్తే?"

జవాబు చెప్పలేకపోయాను. మన ఇళ్లలో మూడో మనిషి రాకుండా ఎప్పుడున్నాడు గనక!

మంచు తుపాను బాకీ

మా ఆవిడకు ట్రక్కు మీద మోజు పుట్టడానికి కారణం పెరటి తోట అనుకున్నాను. బీర పందిరికి కర్రలు, ఎరువు బస్తాలు, కరివేపాకు కుండీలు ఇవన్నీ మోసుకురావాలి గదా! కాని, అసలు కారణం అది కాదని ఒక రాత్రి చెప్పింది.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. రాష్ట్రంలో 40 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. 16వ తేదీన డల్లాసులో చలి సున్నాకు కింద 19 డిగ్రీల సెంటీగ్రేడు దాకా దిగింది. మా ఇంట్లో గొట్టాలు గడ్డకట్టి పగిలాయి. రెండు రాత్రులు నలుగురం ఒకే గదిలో వున్న దుప్పట్లన్నీ కప్పుకుని కూర్చున్నాం. మూడో రోజు పొద్దున పక్కింటి పెద్దాయన తన ట్రక్కులో నీళ్ల డబ్బాలూ, పొయ్యి కట్టెలూ వేసుకుని వీధి వీధంతా తిరిగాడు. వడ్రంగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అంతకుముందు మాకూ ఆయనకూ చెయ్యి ఊపుకునేపాటి పరిచయమే.

"ఆ రోజు నీళ్లు తీసుకుంటూంటే నాకు సిగ్గేసిందండీ" అన్నది మా ఆవిడ. "ఈ దేశం వచ్చి ఇన్నేళ్లయింది. మనం సంపాదించుకున్నాం, ఇల్లు కట్టుకున్నాం, పిల్లల్ని చదివించుకున్నాం. ఎవరికైనా ఏదైనా మోసిపెట్టామా? మళ్లీ అలాంటిదొస్తే మనం కూడా ఎవరింటికైనా నాలుగు డబ్బాలు పట్టుకుపోగలగాలి. మీ బుల్లి కారులో ఏం పట్టుకుపోతాం?"

నేను హార్మోనియం సంగతి చెబుదామనుకుని నోరు మూసుకున్నాను. ఎదుటివాళ్లది స్వార్థమైతే వాదించవచ్చు. ధర్మమైతే ఎలా వాదించడం?

నా వంతుకు ఒక్క మాట మాత్రం అనగలిగాను. అంత పెద్ద బండిలో దేనికి దెబ్బ తగిలినా మనకు ఫరవాలేదు, ఎదుటివాడి మాటేమిటి? అమెరికాలో ఇన్సూరెన్సు ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే సంస్థ 2023లో దాదాపు 18 వేల ప్రమాదాలు పరిశీలించి లెక్క తేల్చింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి నడిచిపోయేవాణ్ణి గుద్దితే, 30 అంగుళాల లోపు ఏటవాలు బానెట్ వున్న బండికంటే ప్రాణం పోయే ప్రమాదం నూటికి 45 వంతులు హెచ్చట.

"సరే, మరి అలాంటి బండ్లమధ్య మీరు బుల్లి కారులో వెళితే పోయే ప్రాణం ఎవరిది?" అన్నది ఆవిడ.

అదీ నిజమే. బరువైన బండికీ తేలికైన బండికీ ఢీకొట్టుకుంటే నష్టం తేలికదానికే. ఇద్దరం సరిసమానంగా ఓడిపోయాం.

తొంభై రోజుల పద్దు

తగాదా తెగనప్పుడు లెక్కల పుస్తకం తెరవడం మా నాన్నగారి పద్ధతి. 2025 జనవరి ఒకటో తేదీనుంచి మార్చి నెలాఖరు దాకా, తొంభై రోజులు, వ్యాను ఎక్కడికి వెళ్లిందీ, అందులో ఎవరున్నారూ, ఏమున్నాయీ రోజూ రాత్రి ఒక నోటుబుక్కులో రాశాను. బండి కొనాలనుకునే ప్రతివారూ ఈ పని చేయాలని నా సలహా. కొట్లో కనబడే బండి ఒకటి, మనం బతికే బతుకు ఒకటి. రెండింటికీ సంబంధం వుందో లేదో నోటుబుక్కే చెబుతుంది.

మా పద్దు ఇలా తేలింది. బండి కదలని రోజులు 14. ఒక్క మనిషే వెళ్లిన రోజులు 58. ఇద్దరం వెళ్లిన రోజులు 12. ముగ్గురూ ఆపైన వున్నవి 6. బరువు సామాను మోయవలసి వచ్చింది నాలుగంటే నాలుగు రోజులు. రెండుసార్లు ఎరువు బస్తాలు, ఒకసారి గుడికి మడత కుర్చీలు, ఒకసారి ఆస్టిన్‌లో మా అమ్మాయి ఇల్లు మారడం.

"చూశావా? ట్రక్కు పని నాలుగు రోజులు. దానికి 50 వేల డాలర్లు. రోజు అద్దెకు తెచ్చుకున్నా సరిపోతుంది. పైగా అది గాలనుకు 20, 22 మైళ్లు, మియాటా 29" అని విజయగర్వంతో చెప్పాను.

ఆవిడ పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పి, "బుల్లి కారు తప్పనిసరిగా కావలసిన రోజులెన్ని?" అన్నది.

సున్నా.

నిజం ఒప్పుకోవాలి. స్పోర్ట్స్ కారు లేకపోతే ఆగిపోయే పని ఈ లోకంలో ఏదీ లేదు. హార్మోనియం లేకపోతే మాత్రం ఏ పని ఆగింది మా ఇంట్లో? అవసరాల పద్దులో సరదాకు ఎప్పుడూ సున్నాయే పడుతుంది. అందుకే అది ఎప్పుడూ ఓడిపోతుంది.

పెద్దాయన తీర్పు

ఒక సాయంత్రం పక్కింటి పెద్దాయన మా దడి చెక్కలు సరిచేస్తూంటే మా ఆవిడ ఆయన్నే అడిగింది, ఏ ట్రక్కు కొంటే మంచిదని. ఆయన మా గ్యారేజిలో నిలబడి వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక తలుపు ఎత్తి, టేపు పెట్టి కొలిచాడు.

"అమ్మా, మీ ట్రక్కు ఇదే" అన్నాడు.

ప్లైవుడ్ పలక నిలువు ఎనిమిది అడుగులు, అడ్డం నాలుగు. తన ట్రక్కు తొట్టి అయిదున్నర అడుగులే కావడంతో ఆ పలక పెడితే వెనక తలుపు మూతపడదట. మనవలు కూర్చోవాలని పెద్ద గది వున్న ట్రక్కు కొన్నాడు, తొట్టి పొట్టిదైంది. మా వ్యానులో మధ్య సీట్లు తీసేసి, వెనక సీటు నేలలోకి మడిచేస్తే అదే పలక సుఖంగా పడుకుని, తలుపు కూడా మూసుకుంటుంది. వాన పడినా తడవదు. ఇంకా కావాలంటే వెనక కొక్కెం బిగించి చిన్న ట్రైలరు తగిలించుకోమన్నాడు.

మా ఆవిడ నీళ్ల డబ్బాల సంగతి ఎత్తింది. ఆయన నవ్వాడు. "ఆ రోజు నీళ్లు మోసింది ట్రక్కు కాదమ్మా. నేను ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టాను, అంతే. తలుపు తట్టడానికి ఏ బండైనా ఒకటే."

ఆ మాటతో మా ఆవిడ ట్రక్కు మాట మానేసింది. అయితే, నా కారుకు ఒప్పుకున్నట్టు కూడా కాదు. మిగిలిన వాదన ఏమిటంటే, అసలు ఏదీ కొనకపోతే ఏం?

ఎన్నిస్ దారిలో

ఏప్రిల్ నెలలో డల్లాసుకు దక్షిణాన, రమారమి 35 మైళ్ల దూరంలో, ఎన్నిస్ అనే ఊరి చుట్టూ బ్లూబానెట్ పూలు పూస్తాయి. 1901 నుంచి అది టెక్సాస్ రాష్ట్ర పుష్పం. మైళ్ల తరబడి నేల నీలంగా మారిపోతుంది. సొంత మియాటాను రోజు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర దాన్ని ఒక ఆదివారానికి తీసుకున్నాను. గేర్లు చేత్తో మార్చుకునే బండి. అద్దె కాగితంలో, ఏ బుద్ధి పుట్టిందో గాని, మా ఆవిడ పేరు కూడా రాయించాను.

ఆ ప్రాంతంలో 'పొలం నుంచి సంతకు' అని అర్థం వచ్చే పేరుతో ఒక తరహా రోడ్లున్నాయి. రైతులు పంట తెచ్చుకోవడానికని ప్రభుత్వం వేసినవి. మొదటిది 1937లో పూర్తయింది. తొట్టి బండ్లకోసం వేసిన ఆ సన్నటి దారులే ఈనాడు ఆదివారంనాడు బుల్లి కార్లకు స్వర్గాలు. పైకప్పు వెనక్కు మడిచాం. ఎండ నెత్తిమీద పడింది, గడ్డి వాసన లోపలికి వచ్చింది. గాలి హోరుకు మాటలు సాగలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా వెళ్లాం. పక్కన మనిషి వుండి, మాట్లాడనక్కరలేకుండా వుండడం ఎంత హాయో నాకు అప్పుడు తెలిసింది.

"మనిద్దరమే ఇలా ఎక్కడికైనా వెళ్లామా ఎప్పుడైనా?" అన్నది తను ఒక చెట్టు కింద ఆగినప్పుడు.

ఆలోచించాను. పెళ్లయిన కొత్తలో తిరుపతి వెళ్లాం, అప్పుడు మాతో తొమ్మిదిమంది. నయాగరా చూశాం, మా మామగారూ అత్తగారూ వచ్చినప్పుడు. తరవాత పిల్లలు, పిల్లల స్నేహితులు. ఇరవై ఎనిమిదేళ్లలో, ఇద్దరమే, పని లేకుండా వెళ్లిన ప్రయాణం ఒక్కటీ గుర్తు రాలేదు. మూడో మనిషికి చోటు లేకపోవడం ఆ కారు లోపమనుకున్నాం ఇన్నాళ్లూ.

కాసేపటికి ఆవిడ మెల్లిగా, "ఓసారి నేను పట్టుకోనా?" అన్నది.

నేను ఆశ్చర్యపోయాను. అమెరికాలో ఆవిడ పాతికేళ్లుగా కారు నడుపుతున్నది, కాని అది క్లచ్ లేని బండి. అప్పుడు చెప్పింది, నాకు ఎన్నడూ చెప్పని సంగతి. రాజమండ్రిలో వాళ్ల నాన్నగారికి అంబాసిడర్ కారుండేది. ధవళేశ్వరం రోడ్డు మీద ఆయన ఇద్దరు కొడుకులకూ డ్రైవింగు నేర్పారు. ఈవిడ వెనక సీట్లో కూర్చుని క్లచ్ ఎప్పుడు తొక్కాలో, గేరు ఎప్పుడు మార్చాలో కంటితో నేర్చుకుంది. అన్నలకు తప్పులు కూడా చెప్పేది. "నాకూ నేర్పు నాన్నా" అని ఒక్కసారి అడిగిందట. "నీకెందుకమ్మా, డ్రైవరు వున్నాడుగా" అన్నారట ఆయన. కోపంగా కాదు, ఎంతో ప్రేమగా. అందుకనే మళ్లీ అడగలేకపోయిందట.

చోట్లు మారాం. మొదటిసారి బండి ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ ఆగిపోయింది. మూడోసారి ఇంజను ఒకసారి దగ్గి, కదిలింది. రెండో గేరు, మూడో గేరు. నలభై ఏళ్ల కిందట కంటితో నేర్చుకున్నది చేతికి రావడానికి ఒక్క మైలు పట్టింది. నేను చెప్పడానికి నోరు తెరిచాను. "మీరు కాస్త వూరుకోండి" అన్నది. వూరుకున్నాను. నీలం పూలు రెండుపక్కలా జరిగిపోతున్నాయి. ఆవిడ ముఖం నేను చూడలేదు. చూస్తే రోడ్డు మీదినుంచి దృష్టి మళ్లుతుందని భయం. నా దృష్టి కాదు, ఆవిడది.

చివరకు కొన్నది

వ్యాను అమ్మలేదు. దానికి వెనక కొక్కెం బిగించాం, చిన్న ట్రైలరు కొన్నాం. 11 వేల డాలర్లు పెట్టి 2012 మోడలు మియాటా పాతది తీసుకున్నాం. మొత్తం కలిపినా కొత్త ట్రక్కు ఖరీదులో మూడోవంతు కాలేదు. పెద్ద రహదారుల మీద, ట్రక్కుల ప్రవాహంలో దాన్ని తీసుకుపోకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున, పల్లె దారులు, అంతవరకే. సరదాకు కూడా ఒక గట్టు వుండాలి.

ఆ శీతకాలం పక్కింటి పెద్దాయనకు మోకాలి చిప్ప మార్చారు. ఆయన తన ట్రక్కు ఎక్కలేకపోయాడు, అది అంత ఎత్తు. మా బుల్లి కారులోకి దిగలేకపోయాడు, అది అంత పల్లం. మా వ్యాను సీటు సరిగ్గా మామూలు కుర్చీ ఎత్తున వుంటుంది. ఆరు వారాలపాటు వారానికి మూడుసార్లు మా ఆవిడ వెళ్లి, ఆయన తలుపు తట్టి, వ్యానులో కూర్చోబెట్టుకుని, మోకాలికి వ్యాయామం చేయించే చోటికి తీసుకువెళ్లింది. మేము అమ్మేద్దామనుకున్న బండే బాకీ తీర్చింది.

అందరికీ రెండు బండ్లు కుదరవు, నాకు తెలుసు. ఎవరి తాహతు వారిది. కాని, పాఠకులు ఎప్పుడైనా ఇలాంటి తగాదాలో చిక్కుకుంటే, అది బండి కావచ్చు, కుట్టు మిషను కావచ్చు, ముందు తొంభై రోజుల పద్దు రాయండి. ఉపయోగమని మనం పేరు పెట్టినదానిలో సగం భయమో, గొప్పో అయి వుంటుంది. తరవాత, సరదా పక్కన పడిన సున్నాను చూసి తొందరపడి కొట్టెయ్యకండి. ఆ సున్నా వెనక ఇంట్లో ఎవరో ఒకరు, ఒక్కసారి అడిగి వూరుకున్నవారు, వుండవచ్చు. మా అమ్మను ఆ మాట అడగడానికి ఇప్పుడు ఆవిడ లేదు.

మొన్న విజయవాడనుంచి మా అన్నయ్యా, వదినా వచ్చారు. వదిన కారు చుట్టూ తిరిగి, "ఇదేం కారయ్యా, పిల్లాడి ఆటబొమ్మలా వుంది! ఇద్దరే పడితే మిగతావాళ్ల గతేమిటి?" అని నవ్వింది. ఆదివారం పొద్దున అందరం పూలు చూడడానికి బయలుదేరాం. మా ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. వదిన కొంగు నడుముకు చెక్కుకుని పక్కన కూర్చుంది. పైకప్పు వెనక్కు పోయింది, గేరు పడింది, ఇద్దరి నవ్వులూ మలుపు తిరిగేదాకా వినబడ్డాయి.

వెనకాల వ్యానులో పులిహోర గిన్నె వొళ్లో పెట్టుకుని అన్నయ్యా, మంచినీళ్ల డబ్బాలతో నేనూ బయలుదేరాం.